గాలికుంటు వైరస్: కట్టడం, కాపురం

కొత్వాల్‌గూడకు ఒక పక్క హిమాయత్‌సాగర్, ఇంకో పక్క ఔటర్ రింగ్ రోడ్డు. 1927లో ఈసీ నదికి అడ్డంగా కట్టిన ఆ జలాశయంలో ఎండాకాలం నీళ్లు వెనక్కి జరిగితే శిఖం బయటపడుతుంది. పచ్చిక కనిపించిన చోటల్లా బర్రెలు, గొర్రెలు మేతకు దిగుతాయి. నెత్తి మీద శంషాబాద్‌లో దిగే విమానాల మోత. అదే ఔటర్ మీద గచ్చిబౌలి వైపు వెళ్తే ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ వస్తుంది. జాతీయ పాడి అభివృద్ధి మండలి 1983లో నెలకొల్పిన టీకాల సంస్థ అది. శిఖంలో మేసే పశువుకూ ఆ సంస్థలోని ఉక్కు తొట్లకూ ఒక లంకె ఉంది. పశువును ఏ వైరస్ నుంచి కాపాడాలో ఆ వైరస్‌నే ముందు ఆ తొట్లలో పెంచాలి.

పెంచాలి అన్నాను గానీ, ఆ మాట అంత సరైనది కాదు. వరిని మడిలో పెంచినట్టు, పెరుగు తోడును పాలలో పెంచినట్టు వైరస్‌ను దేనిలోనూ పెంచలేం. ఎంత మంచి ఆహారం పోసినా అది తినదు, పెరగదు, రెండుగా చీలదు. ఆ తొట్లలో పెరిగేవి బతికున్న కణాలు. వైరస్ వాటిలోకి దిగి, వాటి చేతనే తనను చేయించుకుంటుంది. వైరస్‌ల గురించి తెలుసుకోవలసింది చాలా ఉన్నా, ఈ ఒక్క సంగతి తెలిస్తే మిగతావన్నీ దాని వెంటే వస్తాయి. దాన్ని చెప్పడానికి మన పశువుల కొట్టాల్లో అందరూ ఎరిగిన గాలికుంటు వైరస్ కన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

ముందు ఆ పేరు చూడండి. పశువు కుంటుతుంది, అది గాలికి వస్తుంది. రెండే మాటల్లో ఒక లక్షణం, ఒక వ్యాప్తి మార్గం. గాలి అన్నది ఇక్కడ వీచే గాలా, ‘గాలి సోకింది’ అన్నప్పటి గాలా అని ఎవరైనా అడగవచ్చు. రెండో అర్థమే పెద్దల మనసులో ఉన్నా, మొదటి అర్థం కూడా నిజమేనని సైన్సు తేల్చింది. 1981 మార్చిలో ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతంలో పందులకు ఈ రోగం వచ్చింది. సముద్రం మీదుగా వీచిన గాలి ఆ వైరస్‌ను రెండు వందల యాభై కిలోమీటర్లకు పైగా మోసుకెళ్లి ఇంగ్లండు పక్కనున్న ఐల్ ఆఫ్ వైట్ దీవిలో పశువులకు అంటించింది. గాలుల లెక్కలు కట్టి ముందే హెచ్చరించిన శాస్త్రజ్ఞులకు ఇది పెద్ద రుజువు. అయితే గాలిలో ఈ వైరస్ నిలవాలంటే తేమ ఉండాలి, సుమారు 60 శాతానికి పైగా. మన పొడి ఎండల్లో అంత దూర ప్రయాణం కష్టం. ఇక్కడ అది ఎక్కువగా అంగడిలో ఒకదాన్నొకటి రాసుకునే పశువుల ద్వారా, ఒకే తొట్టిలో తాగే నీళ్ల ద్వారా, చొంగ అంటిన మేత ద్వారా, మనిషి చెప్పులూ బట్టల ద్వారా కొట్టం నుంచి కొట్టానికి చేరుతుంది.

సోకిన కొద్ది రోజులకు జ్వరం వస్తుంది. నోటి నుంచి తీగల్లా చొంగ కారుతుంది. నాలుక మీద, చిగుళ్ల మీద, గిట్టల సందున, చనుకట్ల మీద నీటి బొబ్బలు లేచి చితుకుతాయి. మేయలేక, నిలబడలేక పశువు నీరసిస్తుంది. పెద్ద పశువు చాలా వరకు బతుకుతుంది గానీ పాలు పడిపోతాయి, చూలు నిలవకపోవచ్చు. దూడల సంగతి వేరు. వాటిలో వైరస్ గుండె కండరాన్ని పట్టుకుంటుంది. పొద్దున పాలు తాగిన దూడ సాయంత్రానికి ఉండకపోవచ్చు.

జంతువుల్లో కనుగొన్న మొట్టమొదటి వైరస్ ఇదే. 1898లో జర్మనీలో ఫ్రెడరిక్ లెఫ్లర్, పాల్ ఫ్రాష్ బొబ్బల్లోని నీటిని, బ్యాక్టీరియాను ఆపేసే సన్నని వడపోతల గుండా పంపారు. వడిసిన నీరు కూడా దూడలకు రోగం తెచ్చింది. అంతకు ఆరేళ్ల ముందు రష్యాలో ఇవనోవ్‌స్కీ పొగాకు ఆకుల రసంతో ఇలాంటి ఫలితమే చూశాడు. లెఫ్లర్, ఫ్రాష్‌ల గొప్పతనం ఆ తర్వాత వేసిన ప్రశ్నలో ఉంది. వడపోత దాటి వచ్చింది ఏదైనా విషమేమో? విషమైతే ఒక దూడ నుంచి ఇంకో దూడకు, దాని నుంచి మరో దూడకు ఎక్కిస్తూ పోతే ప్రతిసారీ పలచబడి చివరికి పనిచేయకుండా పోవాలి. ఇక్కడ అలా జరగలేదు. ఎన్ని దూడలు మారినా తీవ్రత తగ్గలేదు. అంటే ఆ కనిపించనిది ప్రతి దూడలోనూ తిరిగి పుట్టుకొస్తోంది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఇంకా పుట్టని కాలంలో, కంటికి ఏమీ కనిపించకుండానే, కేవలం పలచబరిచే లెక్కతో వాళ్లు ఈ నిర్ణయానికి వచ్చారు.

ఇక పరిమాణం. ఈ వైరస్ అడ్డుకొలత దాదాపు 30 నానోమీటర్లు. మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక నానోమీటరు. ఇలాంటి అంకెలు చదివితే తల ఊపుతాం గానీ మనసుకు ఏమీ అందదు. కొత్వాల్‌గూడ వాళ్లకు బాగా తెలిసిన కొలత ఒకటి ఉంది: శంషాబాద్ విమానాశ్రయంలోని పెద్ద రన్‌వే, 4,260 మీటర్లు. పశువు శరీరంలోని ఒక మామూలు కణాన్ని ఆ రన్‌వే పొడవుకు సాగదీశామనుకోండి. అదే లెక్కన గాలికుంటు వైరస్ ఎనిమిదిన్నర మీటర్లుంటుంది. నాలుగు కిలోమీటర్ల రన్‌వే మీద ఒక మినీ బస్సు. ఆ బస్సు వచ్చి కొన్ని గంటల్లో విమానాశ్రయం మొత్తాన్ని తన బస్సులు తయారుచేసే షెడ్డుగా మార్చేస్తుంది.

బస్సు లోపల ఏముంది? ఒకే ఒక్క పోగు. ఆర్‌ఎన్‌ఏ అనే పదార్థంతో అయిన ఆ పోగులో సుమారు 8,400 అక్షరాలున్నాయి. మనిషి జీనోమ్ మూడు వందల కోట్ల అక్షరాల గ్రంథమైతే, ఇది రెండు మూడు పేజీల చీటీ. ఆ పోగును సాగదీస్తే వైరస్ వెడల్పుకు వంద రెట్లకు అటూ ఇటూ పొడవు వస్తుంది. అంత పోగు అంత పెట్టెలో ఎలా పట్టిందని ఆశ్చర్యపోనవసరం లేదు. సిరిసిల్ల నేతన్న అయిదున్నర మీటర్ల చీర నేసి అగ్గిపెట్టెలో మడిచి చూపించాడు. అగ్గిపెట్టె పొడవు అయిదు సెంటీమీటర్లు. నిష్పత్తి దాదాపు అదే.

పెట్టె సంగతే అసలు చిక్కు. అది ప్రొటీన్లతో కట్టింది. అంత చిన్న చీటీలో పెద్ద పెట్టెకు సరిపడా నక్షా రాయడానికి చోటెక్కడ? 1956లో ఫ్రాన్సిస్ క్రిక్, జేమ్స్ వాట్సన్ దీనికి ఒక తర్కం చెప్పారు. వైరస్ చీటీలో చోటు తక్కువ కనుక పెట్టె ఒకే రకం చిన్న పలకలను పదేపదే వాడి కట్టినదై ఉండాలి. ఇంటికి కావలసిన ప్రతి ఇటుకకూ వేరే అచ్చు చేయిస్తామా? ఒక అచ్చు, వేల ఇటుకలు. గాలికుంటు వైరస్ పెట్టెలో నాలుగు రకాల ప్రొటీన్లున్నాయి, వీపీ1 నుంచి వీపీ4 వరకు. ఒక్కోటి సరిగ్గా అరవై. ఈ నాలుగూ కలిసి ఒక పలక. అయిదు పలకలు కలిసి అయిదు కోణాల చిప్ప. అలాంటి పన్నెండు చిప్పలు అంచులు కలుపుకుంటే ఇరవై ముఖాల గుండ్రటి పెట్టె. వీపీ1, వీపీ2, వీపీ3 బయటికి కనిపిస్తాయి. చిన్నదైన వీపీ4 లోపలి వైపు అతుక్కుని ఉంటుంది. 1989లో ఆక్స్‌ఫర్డ్‌లో ఈ పెట్టెను అణువణువునా చిత్రించారు. ఆ పరిశోధన పత్రంలో మొదటి పేరు భారతీయుడైన రవి ఆచార్యది. దీని బంధువైన పోలియో వైరస్ మీద లోతైన లోయలు కనిపిస్తే, గాలికుంటు పెట్టె పైభాగం దాదాపు నున్నగా తేలింది. ఆ నునుపు మీద నుంచి వీపీ1 లోని ఒక భాగం మాత్రం వదులుగా, ఉచ్చులా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. దాని పని తర్వాత తెలుస్తుంది.

ఈ పెట్టె మీద కొవ్వు పొర లేదు. ఇది చిన్న వివరంలా కనిపిస్తుంది గానీ కాదు. 2020లో ఎక్కడ చూసినా సబ్బు, శానిటైజరు. కరోనా వైరస్‌కు కణం నుంచి ఎత్తుకొచ్చిన కొవ్వు పొర చుట్టూ ఉంటుంది. సబ్బు తగలగానే ఆ పొర కరిగి వైరస్ చెదిరిపోతుంది. గాలికుంటుకు కరగడానికి ఆ పొరే లేదు, కాబట్టి శానిటైజరుకు అంత సులువుగా లొంగదు. దానికి కావలసింది వేరు: చాకలి సోడా నీళ్లు, లేదా ఏదైనా ఆమ్లం. పీహెచ్ ఆరున్నర కంటే కిందికి దిగితే చాలు, పన్నెండు చిప్పల అంచులు ఊడి పెట్టె విడిపోతుంది. మామూలు పెరుగు అంతకంటే చాలా పులుపు.

ఇంత బలహీనమైన పెట్టె ప్రకృతిలో ఎలా నెగ్గుకొచ్చిందని అడగాలి. జవాబు కణంలో ఉంది.

పశువు ముక్కులోకి, గొంతులోకి చేరిన వైరస్ అక్కడి కణం పొరను తాకుతుంది. ఇందాక చెప్పిన ఉచ్చు కొసన మూడు అమైనో ఆమ్లాలు వరసగా ఉంటాయి: ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం. కణాల ఉపరితలం మీద ఇంటెగ్రిన్ అనే ప్రొటీన్లు ఇదే మూడక్షరాల గుర్తు కోసం చూస్తుంటాయి. కణాలు ఒకదాన్నొకటి, తమ చుట్టూ ఉన్న అల్లికను పట్టుకుని ఉండడానికి ఏర్పడిన పిడికిళ్లు అవి. వైరస్ ఆ గుర్తును చూపించి చేయి కలుపుతుంది. ఈ రకం ఇంటెగ్రిన్ నాలుక మీద, గిట్టల సందున ఉండే పై పొర కణాల్లో ఉంటుంది. బొబ్బలు అక్కడే లేవడానికి ఇదొక ముఖ్య కారణం. పశువు రోగనిరోధక శక్తి తయారుచేసే యాంటీబాడీలు కూడా ఎక్కువగా ఈ ఉచ్చునే గురిపెడతాయి. అందుకని మూడక్షరాల చుట్టుపక్కల భాగం ఎప్పటికప్పుడు వేషం మారుస్తుంది. ఆ మూడక్షరాలను మాత్రం వైరస్ ముట్టుకోదు. అవి పోతే తలుపు తెరుచుకోదు.

చేయి కలిపిన వైరస్‌ను కణం చిన్న సంచిలో చుట్టి లోపలికి లాక్కుంటుంది. బయటినుంచి వచ్చిన ప్రతి సరుకునూ అలాగే తీసుకోవడం కణానికి అలవాటు. సంచి లోపలికి జరిగేకొద్దీ కణం దానిలోకి ఆమ్లం నింపుతుంది, వచ్చిన సరుకును అరగదీయడానికి. మన కడుపు చేసే పనే. గాలికుంటు వైరస్ ఎదురుచూసేది సరిగ్గా దీని కోసమే. పీహెచ్ ఆరున్నర దాటి కిందికి దిగగానే పన్నెండు చిప్పలూ విడిపోతాయి. లోపలున్న వీపీ4 సంచి పొరకు కన్నం పెడుతుంది, ఆర్‌ఎన్‌ఏ పోగు ఆ కన్నం లోంచి కణద్రవంలోకి జారిపోతుంది. కణం తనను కాపాడుకోవడానికి పోసిన ఆమ్లమే వైరస్‌కు తాళంచెవి అయింది. దారి పొడుగునా మూసి ఉండాలి, ఇల్లు చేరగానే తెరుచుకోవాలి. ఏ వైరస్ పెట్టెకైనా ఈ రెండు ఎదురుబొదురు బాధ్యతలు తప్పవు. ఈ వైరస్ తెరుచుకోవడం వైపు మొగ్గింది, గట్టిదనాన్ని వదులుకుంది. పోలియో వైరస్ అటు మొగ్గలేదు. నోట్లోంచి కడుపు ఆమ్లాన్ని దాటి పేగులకు చేరాలి కనుక దాని పెట్టె ఆమ్లానికి చెక్కుచెదరదు.

పోగు లోపలికి వచ్చిన తర్వాత పెట్టెతో పని లేదు. ఇప్పుడు కొన్ని గంటల పాటు వైరస్ అనే వస్తువు కణంలో ఎక్కడా లేదు. వెతికినా దొరకదు. ఉన్నది ఒక చీటీ మాత్రమే. వైరస్ బతికుందా లేదా అన్న పాత వాదాన్ని నేను పెద్దగా పట్టించుకోకపోవడానికి కారణం ఇదే. పెట్టెలో ఉన్నప్పుడు అది ఒక వస్తువు, కణంలో ఉన్నప్పుడు అది ఒక పని. ఏ క్షణాన నిలబెట్టి బతుకును అడగాలి?

కణంలో రైబోజోములు లక్షల్లో ఉంటాయి. ఆర్‌ఎన్‌ఏ చీటీ వస్తే చదివి ప్రొటీన్ అల్లడమే వాటి పని. చీటీ ఎవరు రాశారని అవి అడగవు. అయితే కణం ఒక జాగ్రత్త పెట్టుకుంది. తన సొంత చీటీల మొదట్లో ఒక రసాయన టోపీ తొడుగుతుంది. టోపీని గుర్తుపట్టే ప్రొటీన్లు ఆ చీటీని రైబోజోము దగ్గరికి తీసుకెళ్తాయి. గాలికుంటు చీటీకి టోపీ లేదు. దాని బదులు మొదట్లో ఒక పొడవైన భాగం మెలికలు తిరిగి, నేరుగా రైబోజోమును పట్టుకుని లోపల కూర్చోబెట్టేలా మడతపడి ఉంటుంది. పైగా వైరస్ ముందుగా చేయించుకునే ప్రొటీన్లలో ఒకటి కత్తెర. అది టోపీని పట్టుకునే ప్రొటీన్లకూ రైబోజోముకూ మధ్య ఉన్న లంకెను కత్తిరించేస్తుంది. విమానాశ్రయం ముందు గేటు మూసేసి, తనకు తెలిసిన దొడ్డిదారి ఒక్కటే తెరిచి పెట్టినట్టు. కణం తనకు కావలసినవి చేసుకోలేదు. ప్రమాదం వచ్చిందని పక్క కణాలకు కబురంపే ఇంటర్‌ఫెరాన్ ప్రొటీన్లను కూడా చేయలేదు. రైబోజోములన్నీ దిగివచ్చిన ఆ ఒక్క చీటీకే పనిచేస్తాయి.

ఆ చీటీని చదివితే వచ్చేది ఒకే పొడవాటి ప్రొటీన్, సుమారు 2,300 అమైనో ఆమ్లాల తాను. కావలసిన డజనుకు పైగా ప్రొటీన్లు అన్నీ ఆ తానులో వరసగా ఉంటాయి. వాటిని విడదీయాలి. దర్జీ ఎక్కడ? తానులోనే కత్తెర కూడా నేసి ఉంది. తాను ఇంకా పూర్తిగా నేయకముందే అందులోని కత్తెర ప్రొటీన్లు తమను తాము విడిపించుకుని మిగతా వాటిని కోయడం మొదలుపెడతాయి. చీటీలో చోటు లేని బీదరికం వైరస్‌కు ఎన్ని ఉపాయాలు నేర్పిందో ఇక్కడ కనిపిస్తుంది.

తానులోంచి విడిపడిన వాటిలో రెండు జట్లు. పెట్టె కట్టే ప్రొటీన్లు ఒక జట్టు. కొత్త చీటీలు రాసే ప్రొటీన్లు ఇంకో జట్టు; ఇవి వైరస్ పెట్టెలో భాగం కావు, కణంలోనే పుట్టి కణంలోనే ఉంటాయి. ఈ రెండో జట్టును గుర్తుంచుకోవాలి, చివరికి వీటి అవసరం పడుతుంది. ఇందులో ముఖ్యమైనది 3డి అనే ఎంజైమ్. ఆర్‌ఎన్‌ఏను చూసి ఆర్‌ఎన్‌ఏ రాసే ఇలాంటి రాతగాడు పశువు కణంలో వైరస్‌కు పనికొచ్చే రూపంలో లేడు; ఆ విద్య వైరసే తెచ్చుకోవాలి. కణంలో ఉన్నవేవీ వైరస్ తెచ్చుకోదు, లేనివే తెచ్చుకుంటుంది. చాలా వైరస్‌ల చీటీలను ఈ ఒక్క సూత్రంతో చదవవచ్చు.

3డి ముందు వచ్చిన చీటీకి ఎదురు అచ్చు తీస్తుంది. రబ్బరు స్టాంపు మీద అక్షరాలు తిరగబడి ఉన్నట్టే. తర్వాత ఆ అచ్చు నుంచి సరైన చీటీలను గుద్దుతూ పోతుంది. ఒక్కో అచ్చు నుంచి ఎన్నో చీటీలు. ప్రతి చీటీ మొదట్లో ఒక చిన్న ప్రొటీన్ ముడి పడి ఉంటుంది, రాత మొదలయ్యేది అక్కడినుంచే. ఇదంతా కణం లోపలి పొరలను లాగి, మెలిపెట్టి కట్టుకున్న చిన్న చిన్న గదుల చాటున సాగుతుంది.

3డి తొందరగా రాస్తుంది, రాసింది సరిచూసుకోదు. సుమారు పది వేల అక్షరాలకు ఒక తప్పు. చీటీలో ఉన్నవి 8,400 అక్షరాలు. అంటే కొత్త చీటీల్లో చాలా వాటిలో ఎక్కడో ఒక అక్షరం మారి ఉంటుంది. చాలా తప్పులు వైరస్‌కే చేటు. కొన్నిటి వల్ల నష్టమూ లాభమూ ఉండదు. ఎక్కడో ఒకటి ఆ ఉచ్చు పక్కన పడి, నిరుటి యాంటీబాడీలు గుర్తుపట్టలేని కొత్త వేషం ఇస్తుంది. ప్రపంచంలో ఈ వైరస్‌కు ఏడు రకాలు ఏర్పడింది ఇలా కాలం మీదే: ఓ, ఎ, సి, ఆసియా 1, మరి మూడు ఆఫ్రికా రకాలు. ఒక రకం టీకా ఇంకో రకాన్ని ఆపదు. మన దేశంలో ఇప్పుడు తిరిగేవి ఓ, ఎ, ఆసియా 1. టీకాలో ఈ మూడూ కలిపి ఉంటాయి.

చీటీలు, పలకలు రెండూ కణంలో నిండాక పెట్టెలు కూడుకుంటాయి. దీనికి మేస్త్రీ లేడు. అయిదు పలకలు ఒక చిప్ప, పన్నెండు చిప్పలు ఒక పోగు చుట్టూ. అంచుల ఆకారమే వాటిని కలుపుతుంది. ఇది వైరస్‌లలో సాధారణమే, ఈ గుణాన్ని హైదరాబాద్ పరిశ్రమ ఎప్పుడో వాడుకుంది. వరప్రసాద్‌రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్-బి టీకాలో ఆ వైరస్ పై పొర ప్రొటీన్ ఒక్కటే ఈస్ట్‌లో తయారవుతుంది. ఎవరూ చెప్పకుండానే అవి గుండ్రటి ఖాళీ గుళికలుగా చేరతాయి. చీటీ లేని కవరు. మన శరీరం దాన్ని చూసి వైరసే అనుకుని యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. గాలికుంటులో కూడిక పూర్తయ్యాక చివరగా ఒక చిన్న పని మిగులుతుంది. వీపీ2, వీపీ4 అప్పటిదాకా ఒకటిగా ఉంటాయి. పెట్టె మూసుకున్నాక అవి విడిపోతాయి. ఆ కోతతో వైరస్ తయారైనట్టు. కొన్ని గంటల్లో ఒక్క కణంలో వేల వైరస్‌లు. కణం పగిలి అవి బయటపడతాయి. నాలుక మీద మనకు కనిపించే బొబ్బ అలా పగిలిన కణాల మధ్య చేరిన నీరు.

ఇప్పుడు గచ్చిబౌలి తొట్ల దగ్గరికి రావచ్చు. కణం లేకుండా వైరస్ లేదు, వైరస్ లేకుండా టీకా లేదు. మరి అన్ని కణాలు ఎక్కడివి? తొలి రోజుల్లో యూరప్‌లో పశువులకే రోగం ఎక్కించి వాటి నాలుక పొరలు తీసి టీకా చేశారు. 1940లలో నెదర్లాండ్స్‌లో ఫ్రెంకెల్ ఒక మెరుగైన దారి కనిపెట్టాడు. కబేళాలో కోసిన ఆరోగ్యమైన పశువుల నాలుకల పై పొరను పోషక ద్రవంలో బతికించి ఉంచి, దానిలో వైరస్ పుట్టించడం. కబేళా నుంచి రోజూ నాలుకలు తెచ్చుకుని యూరప్ ఎన్నో ఏళ్లు ఆ పద్ధతిలోనే టీకా తయారుచేసింది. 1961లో గ్లాస్గోలో పుట్టి ఒక్కరోజైన హామ్‌స్టర్ పిల్లల మూత్రపిండాల నుంచి తీసిన కణాలు ఆగకుండా విభజన చెందుతూ పోయాయి. వాటికి బీహెచ్‌కే-21 అని పేరు పెట్టారు. మరుసటి ఏడాదే అవి గాలికుంటు వైరస్‌ను మోయగలవని తేలింది, పైగా ద్రవంలో తేలుతూనే పెరుగుతాయని. నాలుకల అవసరం పోయింది. ఈనాడు గాలికుంటు టీకాలు చాలా వరకు ఆ హామ్‌స్టర్ కణాల వారసుల్లోనే తయారవుతున్నాయి.

కణాలు పగిలి తొట్టి నిండా వైరస్ చేరాక దాన్ని చంపాలి, పెట్టె చెడకుండా. అందుకు ఎంచుకున్న రసాయనం లోపలి పోగును పాడుచేసి పెట్టెను వదిలేస్తుంది. పశువు నిరోధక శక్తికి పాఠం చెప్పేది నిండు పెట్టెయే. పెట్టె విడిపోయి పన్నెండు చిప్పలుగా మిగిలితే పాఠం దాదాపు సున్నా. కణంలోని ఆమ్లానికి తెరుచుకోవడానికి ఏ వదులుతనం పనికొచ్చిందో, అదే వదులుతనం టీకాకు శత్రువైంది. వేడి కూడా ఆ అంచులను ఊడదీస్తుంది. అందుకే గాలికుంటు టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. మే నెల ఎండలో టీకాలు వేయడానికి వెళ్లే గోపాలమిత్ర బండి వెనక కట్టుకున్న థర్మోకోల్ పెట్టెలో ఐసు కరిగిపోతే, సీసాలో నీళ్లు చూడ్డానికి అలాగే ఉంటాయి. లోపల మాత్రం పెట్టెలు లేవు, చిప్పలే. టీకా వేయించినా రోగం వచ్చిందని రైతు అన్నప్పుడు టీకా కంపెనీని తిట్టేముందు ఆ ఐసు గురించి అడగడం మంచిదని నా అభిప్రాయం.

అదే బలహీనతను మనుషులు తమకు పనికొచ్చేలా కూడా మలుచుకున్నారు. జంతువును కోసిన తర్వాత కండలో ఆమ్లం చేరి పీహెచ్ ఆరు కిందికి దిగుతుంది. అక్కడి వైరస్ దానంతటదే చస్తుంది. ఎముకల మూలుగలో, శోషరస గ్రంథుల్లో మాత్రం పీహెచ్ అంతగా దిగదు. మన దేశం ఎగుమతి చేసే బర్రె మాంసాన్ని ఎముకలూ గ్రంథులూ తీసేసి, చల్లని గదిలో నిలవ ఉంచాకనే పంపడంలో ఈ రసాయనం ఉంది. 2022లో ఇండోనేషియాలో గాలికుంటు రేగినప్పుడు ఆస్ట్రేలియా తన విమానాశ్రయాల్లో ప్రయాణికులు చెప్పులతో తొక్కి దాటే చాపలు పరిచింది. వాటిలో పోసింది నిమ్మ ఉప్పు ద్రావణం. కొట్టంలోకి వెళ్లొచ్చారా, పశువులను ముట్టుకున్నారా అని అక్కడ దిగేటప్పుడు నింపే కార్డులో అడుగుతారు. శంషాబాద్‌లో విమానమెక్కి సిడ్నీలో దిగే మన పిల్లల్లో, సెలవులకు ఊరొచ్చి కొట్టంలో దూడతో ఫొటో దిగినవాళ్లు ఆ ప్రశ్నకు అవునని రాయాలి. మొహమాటపడాల్సిన పని లేదు.

2011లో ప్రపంచం నుంచి రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి పూర్తిగా తొలగిపోయినట్టు ప్రకటించారు. దానికి ఒకే రకం ఉండేది, ఒకసారి వేసిన టీకా చాలాకాలం కాపాడేది. గాలికుంటుతో ఆ సౌకర్యం లేదు. రకాలు ఎక్కువ, టీకా రక్షణ నెలల లెక్కలోదే. పైగా కోలుకున్న పశువు గొంతులో వైరస్ నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి దాగి ఉండగలదు. 2019 సెప్టెంబర్ 11న మథురలో ప్రారంభించిన జాతీయ పశు వ్యాధి నియంత్రణ కార్యక్రమం ఏడాదికి రెండుసార్లు టీకా వేస్తూ 2030 నాటికి ఈ రోగాన్ని దేశం నుంచి తరిమేయాలని గడువు పెట్టుకుంది. పశువుల చెవులకు కనిపించే పన్నెండంకెల పసుపు బిళ్లలు ఆ లెక్క కోసమే.

లెక్కలో ఒక చిక్కుంది. టీకా వేసిన పశువులోనూ యాంటీబాడీలుంటాయి, రోగం వచ్చి పోయిన పశువులోనూ ఉంటాయి. ఊళ్లో వైరస్ ఇంకా తిరుగుతోందో లేదో ఎలా తెలుసుకోవాలి? ఇక్కడే రెండో జట్టు ప్రొటీన్లు పనికొస్తాయి, కణంలోనే పుట్టి కణంలోనే ఉండేవి. శుద్ధి చేసిన టీకాలో పెట్టెలే ఉంటాయి, ఆ ప్రొటీన్లు ఉండవు. వైరస్ నిజంగా కణంలోకి దిగి, చీటీ చదివించుకుని, రాతగాళ్లను పుట్టించుకున్నప్పుడే అవి తయారవుతాయి, వాటికి యాంటీబాడీలూ అప్పుడే వస్తాయి. అందుకని సర్వే బృందం పశువు మెడనరం నుంచి కాస్త రక్తం తీసి సీరాన్ని ప్రయోగశాలకు పంపుతుంది. అక్కడ ప్లాస్టిక్ పళ్లెంలోని చిన్న గుంటల్లో వైరస్ రెండో జట్టు ప్రొటీన్‌ను ముందే అంటించి పెట్టుకుని, ఆ సీరాన్ని ఒక్కో గుంటలో చుక్క చుక్కగా వేస్తారు. రంగు తేలిన గుంట ఏ పశువుదో, ఆ పశువు కణాల్లో వైరస్ ఎప్పుడో కాపురం చేసి వెళ్లినట్టు.